రివాల్వర్ లోపలి మరమ్మతు మీరే చేసుకోవచ్చా?

పొలంలో మోటారు, స్ప్రేయరు పాడైతే చాలామంది రైతులు తామే విప్పి బాగు చేసుకుంటారు. తప్పుగా బిగిస్తే అవి నడవకపోవచ్చు. రివాల్వర్ అలా కాదు. తప్పుగా బిగించినా పేలవచ్చు. ఆత్మరక్షణ కోసం లైసెన్సు పొంది రివాల్వర్ ఉంచుకున్న రైతులు పైపై శుభ్రత వరకే చేసుకోవాలి. లోపలి భాగాలను విప్పకూడదు.

ఎందుకు విప్పకూడదు?

ట్రిగ్గర్ నొక్కినప్పుడు లోపలి చిన్న కొక్కెం తూటాల చక్రాన్ని ఒక గది మేర తిప్పుతుంది. మరో గడియ ఆ గదిని బ్యారెల్‌కు సూటిగా నిలుపుతుంది. వీటిని ఆకురాయితో రుద్దితే ఆ వరుస తప్పుతుంది. అప్పుడు తూటా బ్యారెల్ అంచుకు రాసుకుని సీసం ముక్కలు పక్కకు ఎగిరి గాయపరుస్తాయి. ట్రిగ్గర్ తేలికగా ఉండాలని స్ప్రింగు కత్తిరిస్తే అవసరానికి తూటా పేలకపోవచ్చు. హ్యామర్ ఆగే గాడిని అరగదీస్తే చిన్న కుదుపుకే పేలవచ్చు.

చట్టం ఏమంటుంది?

ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 5 ప్రకారం తుపాకులు మరమ్మతు చేసేవారికి అందుకు లైసెన్సు ఉండాలి. మీ దగ్గరున్నది ఆయుధం కలిగి ఉండటానికి ఇచ్చిన లైసెన్సు మాత్రమే. కాబట్టి ఊళ్లో కమ్మరికి గానీ, మెకానిక్‌కు గానీ ఇవ్వవద్దు.

మీరు చేసుకోగల పనులు

• ముందుగా తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టండి. ఒక్కో గదినీ కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి.
• బ్యారెల్‌ను, గదులను తుపాకుల బ్రష్షుతో, పొడి గుడ్డతో తుడవండి.
• తుపాకుల నూనె పలుచగా రాయండి. వంట నూనె, కొబ్బరి నూనె వాడవద్దు. అవి జిగురుగా మారి భాగాలను పట్టేస్తాయి.
• తూటాలకు నూనె తగలనివ్వవద్దు.
• పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఎప్పుడు నిపుణుడికి చూపించాలి?

• హ్యామర్ ఎక్కించినా చక్రం గట్టిగా నిలవకపోతే
• ట్రిగ్గర్ తిరిగి ముందుకు రాకపోతే
• తూటాలు తరచూ పేలకపోతే
• ఆయుధం కింద పడినా, వాన నీటిలో నానినా

ఇలాంటప్పుడు తూటాలు తీసేసి, లైసెన్సు పుస్తకంతో సహా మరమ్మతు లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణానికి తీసుకెళ్లండి. అప్పగించేటప్పుడు రసీదు తప్పక తీసుకోండి. బాగయ్యే వరకు దానితో కాల్చవద్దు.