తాగుడు, ఆత్మహత్య: వందేళ్ల లెక్క

1897లో ఫ్రాన్స్‌లో సమాజ శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ ఆత్మహత్యపై పుస్తకం వెలువరించాడు. జిల్లాల పటాలు పక్కపక్కన పెట్టి చూసి, తాగుడుకూ ఆత్మహత్యలకూ పొత్తు లేదని తేల్చాడు. జిల్లా సగటులో మనిషి కనపడడు. దుర్ఖైమ్ తేల్చిన మాట సరిదిద్దుకోడానికి లోకానికి చాలాకాలం పట్టింది. 1938లో అమెరికా మానసిక వైద్యుడు కార్ల్ మెనింజర్ తాగుడు వ్యసనాన్నే ఏళ్ల తరబడి సాగే ఆత్మహత్యగా చూశాడు. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యాన్ని కట్టడి చేశాక ఆ దేశంలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి, కట్టడి సడలి దేశం విచ్ఛిన్నమయ్యాక మళ్లీ పెరిగాయి.

ఏళ్ల తాగుడు మనసును కుంగదీస్తుంది; పని పోతుంది, అప్పు పెరుగుతుంది, అయినవాళ్లు దూరమవుతారు. వ్యసనం లేనివాళ్లకూ ఆపద ఉంది. మత్తులో ఉన్న ఆ కాసేపు వెనకాముందు ఆలోచించే శక్తి సడలుతుంది. తెల్లారితే తేలికపడే బాధ ఆ రాత్రి భరించరానిదవుతుంది.

మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రోశమ్మతో కలిసి సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం ఆ పోరాటం సాధించినవే. 1997లో ఖజానా మాట నెగ్గి నిషేధం సడలింది. ఆ ఏడాదే సికింద్రాబాద్‌లో రోష్నీ సంస్థ మొదలైంది. బతుకు మీద ఆశ పోయినవాళ్లు ఫోన్ చేస్తే స్వచ్ఛంద సేవకులు ఓపిగ్గా వింటారు.

జాతీయ నేర గణాంకాల 2022 నివేదిక మద్యం, మత్తు వ్యసనాల కింద చూపింది సుమారు 7 శాతం ఆత్మహత్యలనే. కుటుంబ సమస్యల కింద మూడో వంతుకు దగ్గరగా ఉన్నాయి. పోలీసు కాగితం మీద ఒక్కో మరణానికి ఒకే ప్రధాన కారణం నమోదవుతుంది. తాగొచ్చిన భర్త కొట్టే దెబ్బలకు తాళలేక పోయిన భార్య ఏ గడిలోకి వెళ్తుంది? ఈ 7 శాతం నిజం కన్నా చాలా తక్కువని నా గట్టి నమ్మకం. కేసు భయం కూడా చాలా ఇళ్ల నోరు నొక్కింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాకే, ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి శిక్షకు దూరంగా ఉంచడం మొదలైంది.

మీ ఇంట్లో తాగే మనిషి చావు మాట ఎత్తితే, తాగిన మాటేలే అని వదిలేయకండి. ఆ రాత్రి ఒంటరిగా ఉంచకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.