తెరకెక్కని అసమర్థుడు

మా ఫలక్‌నుమా గుట్ట మీది ప్యాలెస్‌ను 1884లో కట్టడం మొదలుపెట్టింది వికారుల్ ఉమ్రా. పెద్ద జాగీర్లున్న పైగా వంశం ఆయనది. ఆ గుట్ట కింద ఉంటూ పిల్లలకు ఫిలాసఫీ చెప్పుకునే నాకు, జాగీర్ల మాట వస్తే ‘రైతుబిడ్డ’ గుర్తుకొస్తుంది. నిజాం ఇలాకాలో జాగీర్లు రద్దయింది 1949లో. అంతకు పదేళ్ల ముందే ఆంధ్ర ప్రాంతంలో జమీందార్లను తెర మీద నిలదీసిన సినిమా అది. గూడవల్లి రామబ్రహ్మం తీశాడు. పెట్టుబడి చల్లపల్లి జమీందారుదే కావడం విచిత్రం. మిగతా జమీందార్లు ఊరుకోలేదు, నిషేధం దాకా వెళ్లింది. మాటలు రాసింది త్రిపురనేని గోపీచంద్.

హేతువాది రామస్వామి చౌదరి కొడుకు, ఎం.ఎన్. రాయ్ అనుచరుడు, చివరి రోజుల్లో అరవిందుల వైపు మొగ్గినవాడు. ‘తత్వవేత్తలు’ రాసి లోకంలోని తాత్త్వికులను మామూలు పాఠకుడికి పరిచయం చేశాడు. సినిమా మీద సిద్ధాంతగ్రంథం మాత్రం రాయలేదు. ‘గృహప్రవేశం’కి రాశాడు, 1950లో కృష్ణవేణితో పతివ్రత కథ ‘లక్ష్మమ్మ’ తీశాడు. అదే కథతో అదే ఏడాది ఘంటసాల బలరామయ్య అక్కినేనిని పెట్టి ఇంకో సినిమా తీశాడు. తర్వాత ‘పేరంటాలు’. 1952లో ‘ప్రియురాలు’తో జగ్గయ్యను తెరకు తెచ్చాడు. అంతటితో దర్శకత్వం ముగిసింది.

సినిమా, తత్వం అనగానే మా పిల్లలు ఫ్రెంచి తాత్త్వికుడు డెల్యూజ్ పేరెత్తుతారు. సినిమా మీద ఆయన రాసిన పుస్తకాల్లో 1985 నాటి రెండో సంపుటం చెప్పేదేమిటి? రెండో ప్రపంచయుద్ధం తర్వాత సినిమాలో కొత్త మనిషి పుట్టాడని. ఎదుట జరిగేదంతా చూస్తాడు, ఏమీ చేయలేడు. ఆ మనిషి నాకు కొత్తగా అనిపించలేదు. గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు అతనే కదా! ఊరిని, చుట్టాలను, తనను తాను తూర్పారబడతాడు, ఒక్క పనీ చక్కబెట్టలేడు. డెల్యూజ్ కంటే దాదాపు నాలుగు దశాబ్దాల ముందే గోపీచంద్ చేతిలో ఆ పాత్ర ఉంది, కెమెరా కూడా ఉంది. అయినా తీసింది పతివ్రత కథ. నాటి తెలుగు సినిమా తిరగబడే రైతును భరించింది, పతివ్రతను నెత్తిన పెట్టుకుంది. ఏమీ చేయలేని మనిషికి మాత్రం నవలలోనే చోటు దొరికింది.

గోపీచంద్ 1962లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. నవలాకారుడిగా ఆయనకు దక్కాల్సింది దక్కింది. సినిమా గురించి ఆలోచించేవాళ్లు మాత్రం ఆయనను ఇంకా సంభాషణల రచయిత దగ్గరే ఆపేశారు. ఫిల్మ్ థియరీ చదివే పిల్లలూ, డెల్యూజ్‌ను పట్టుకునే ముందు సీతారామారావును ఒకసారి పలకరించండి.