పేరు మారిస్తే సరిపోతుందా?

ఆంధ్రప్రదేశ్‌లోని హనుమంతునిపాడు మండలంలో ఒక మనిషిని ఆనవాలు పట్టడానికి పేరు అక్కర్లేదు. ఊరు, ఇంటిపేరు, ఫలానా వాళ్ల అల్లుడు అంటే చాలు. సీరియళ్లకు, సినిమాలకు ముందు వేసే 'పాత్రలన్నీ కల్పితం' అన్న మాటను ఇలాంటి చోట కూర్చుని తూచి చూడాలి. ఒక కుటుంబంలో నిజంగా జరిగిన హత్యను కథ చేసినప్పుడు, పేర్లు మార్చడం వల్ల ఆ కుటుంబానికి ఏమాత్రం రక్షణ దొరుకుతుంది?

తెలుగునాట ఇందుకు కోర్టు రికార్డులతో సహా దొరికే ఉదాహరణ మిర్యాలగూడ కేసు. 2018 సెప్టెంబర్ 14న, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికి చంపాడు. చంపించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు అభియోగం మోపారు. ఆ సీసీ కెమెరా దృశ్యాన్ని వార్తా చానళ్లు పదేపదే చూపించాయి. 2020 మార్చిలో, విచారణ ముగియకముందే, తండ్రి మరణించాడు. అదే ఏడాది జూన్‌లో దర్శకుడు రాంగోపాల్ వర్మ ఈ ఉదంతం ఆధారంగా 'మర్డర్' సినిమా ప్రకటించారు. హతుడి భార్య నల్గొండ కోర్టును ఆశ్రయించారు. ఆగస్టులో విడుదలపై స్టే వచ్చింది. నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు స్టే ఎత్తేసింది, అయితే అసలు పేర్లు వాడకూడదని షరతు పెట్టింది. డిసెంబర్‌లో సినిమా వచ్చింది. కేసులో తీర్పు మాత్రం 2025 మార్చి 10న వెలువడింది: ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం.

ఈ వ్యాసంలో ఆ కుటుంబం పేర్లు ఎక్కడా రాయలేదు. అయినా చదువుతున్నవారిలో చాలామందికి ఆ పేర్లు ఈపాటికే గుర్తొచ్చి ఉంటాయి. కోర్టు షరతును అక్షరాలా పాటించినా జరిగేది ఇదే.

సినిమా వల్ల తీర్పు మారిందని నేను అనడం లేదు. అలా అనడానికి ఆధారం కావాలి. పైగా మన దగ్గర జ్యూరీ లేదు, తీర్పు చెప్పేది న్యాయమూర్తి. తెరమీద చూసిన దానికి ఆయన లొంగిపోతారనుకోవడం తొందరపాటు. నా ఆందోళన సాక్షుల గురించి. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో సాక్షి అంటే పక్కింటివాడు, కిరాణా కొట్టు యజమాని, ఆటో నడిపే కుర్రాడు. ఏళ్ల తర్వాత బోనెక్కినప్పుడు తాను కళ్లారా చూసిందేదో, తెరమీద చూసిందేదో విడదీసి చెప్పాల్సిన భారం అతని మీద పడుతుంది.

కేరళలో ఇలాంటిదే టీవీ సీరియల్‌తో జరిగింది. కూడత్తాయిలో 2002 నుంచి 2016 దాకా ఒకే కుటుంబ వలయంలో ఆరుగురు మరణించారు. ఆ ఇంటి కోడలిని 2019 అక్టోబర్‌లో అరెస్టు చేశారు. మూడు నెలలు గడిచాయో లేదో, 2020 జనవరిలో ఫ్లవర్స్ టీవీ 'కూడత్తాయి' సీరియల్ మొదలుపెట్టింది. కేరళ హైకోర్టు దాని ప్రసారాన్ని తాత్కాలికంగా ఆపింది. బాంబే హైకోర్టు దారి వేరు. 2024 ఫిబ్రవరిలో, కూతురి హత్య కేసులో నిందితురాలైన ఇంద్రాణీ ముఖర్జియా మీద నెట్‌ఫ్లిక్స్ తీసిన డాక్యుమెంటరీ సిరీస్‌ను ఆపాలని సీబీఐ అడిగితే, న్యాయమూర్తులు ముందు దాన్ని చూశారు. విచారణకు హాని చేసేదేమీ అందులో లేదని అనుమతించారు. ముందే నిషేధించకుండా, చూశాక నిర్ణయించడం నాకు సబబుగా తోస్తుంది. కాకపోతే ఆ పని ప్రతి జిల్లా కోర్టులోనూ జరిగేది కాదు.

చట్టం గీసిన గీత పాతదే. 1994లో తమిళనాడు ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు రికార్డుల్లో ఉన్న సంగతులను అనుమతి లేకుండానే ప్రచురించవచ్చని, వాటిని దాటి వ్యక్తిగత జీవితంలోకి వెళితే గోప్యత హక్కుకు జవాబు చెప్పాల్సి వస్తుందని తేల్చింది. నాటకీయత పుట్టేది సరిగ్గా ఆ దాటిన చోటే. తండ్రీకూతుళ్లు వంటింట్లో ఏం మాట్లాడుకున్నారు, తల్లి ఎందుకు మౌనంగా ఉంది అన్నవి ఏ ఛార్జిషీటులోనూ ఉండవు. రచయితే వాటిని రాయాలి. జనం మాత్రం వాటినే నిజంగా గుర్తుపెట్టుకుంటారు.

ఇలాంటి కథలు రాకూడదని నేను కోరను. పరువు పేరుతో జరిగే హత్యల గురించి పల్లెల్లో మాట్లాడుకోవాలి, అందుకు కథ కావాలి. కింది కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగండి, బతికున్నవాళ్లను అడిగాకే వాళ్ల ఇంట్లోకి కెమెరా తీసుకెళ్లండి అన్నదే నిర్మాతలకు నా విన్నపం. 'మర్డర్' విడుదలయ్యేనాటికి మిర్యాలగూడ దంపతుల బిడ్డకు రెండేళ్లు కూడా నిండలేదు.