కాళ్లు పట్టిన చేతులు

హంద్రీ ఒడ్డున కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరు వాసులకు ఉగాది ముందు రోజుల్లో ఏటా ఎదురయ్యే దృశ్యం, కన్నడ సీమ నుంచి శ్రీశైలానికి కాలినడకన పోయే మల్లన్న భక్తులు. నందికొట్కూరు, ఆత్మకూరు దాటి నల్లమలలో అడుగుపెట్టి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా వాళ్లు కైలాసద్వారం చేరతారు. ఈ నడక పాతది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం మీద పర్వత ప్రకరణమే రాశాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించాడు. దారిలో అన్నం, మజ్జిగ పోసేవాళ్లతో పాటు పిక్కలు బిగిసినవాళ్లకు నూనె రాసి కాళ్లు ఒత్తేవాళ్లూ ఉంటారు.

ఆ పనినే ఇప్పుడు గాలి బూటు చేస్తోంది. తొడ దాకా తొడిగే సంచిలో అరలుంటాయి. పంపు పాదం దగ్గర మొదలుపెట్టి ఒక్కో అరలో గాలి నింపుతూ పైకి పోతుంది, తర్వాత వదిలేస్తుంది. కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ గుండెకెక్కాలంటే పిక్క కండరం సిరలను పిండాలి, సిరల్లోని కవాటాలు దాన్ని కిందికి జారనీయకూడదు. రక్త ప్రసరణను ఇంగ్లండ్ వైద్యుడు హార్వే 1628లో వివరించాడు. గాలి ఒత్తిడి బూట్లను అమెరికా వైద్యులు 1930లలో ప్రయత్నించారు. ఆపరేషన్ అయి మంచాన పడ్డవాళ్ల సిరల్లో గడ్డలు కట్టకుండా ఆసుపత్రులు వాటిని వాడాయి. ఆ తర్వాతే నార్మాటెక్ లాంటి కంపెనీలు ఆటగాళ్ల దగ్గరికి తెచ్చాయి. పాదం నుంచి పైకి ఒత్తాలన్న సంగతి మాత్రం నూనె చేతికి ముందే తెలుసు.

చేయి ఒత్తిడిని కొలవలేదు కదా అనవచ్చు. నిజమే. కాలి వాపు రోగికి, మంచాన పడ్డవాడికి కొలిచిన ఒత్తిడే కావాలి. సిరలో గడ్డ ఉందేమోనన్న అనుమానముంటే డాక్టరు చూసేదాకా చేయీ వద్దు, బూటూ వద్దు. అలసిన కాళ్ల సంగతి వేరు. బూటుతో నొప్పులు కాస్త తగ్గినట్టు అనిపిస్తుందనే పరిశోధనలు చెబుతున్నాయి. సత్తువ త్వరగా తిరిగొస్తుందనడానికి గట్టి రుజువు లేదు. కాబట్టి కాళ్ల పీకుల విషయంలో బూటు తెచ్చిన పెద్ద మార్పు వైద్యంలో లేదు, మర్యాదలో ఉంది.

అత్తకు కోడలు, ఆసామికి జీతగాడు కాళ్లు పట్టారు. కాళ్లు పట్టుకోవడమంటే తెలుగులో బతిమాలడమే. ఆ పనిలో ఎవరు కింద, ఎవరు పైన అన్నది మాటలోనే ఉంది. బూటు ముందు ఎవరూ వంగనక్కర్లేదు. మరి మనిషి స్పర్శ పోదా అనేవాళ్లకు జవాబు నల్లమల దారిలోనే ఉంది. అక్కడ ఒత్తేవాడు జీతగాడు కాదు, ఒత్తించుకునేవాడు యజమాని కాదు. యాత్రికుణ్ణి శివుడిగా చూసే భక్తి ముందు ముక్కూ మొహం తెలియనివాడి పాదాలు ముట్టడం చిన్నతనం కాదు. ఆచారం ఒకటే అయినా బలవంతంగా పట్టిన కాళ్లు వేరు, ఇష్టంగా పట్టిన కాళ్లు వేరు. మొదటి పనిని మరకు అప్పగించడమే న్యాయం. రెండోదాన్ని మానుకోవడానికి మాత్రం ఏ యంత్రమూ సాకు కాకూడదు.