జేబుకెమేరా – కటకములు మార్చు కెమేరా

నేఁడు కెమేరా కొనఁబోవువాఁడు జేబులో నిముడు కాంపాక్టు మేలా, కటకములు మార్చుకొన వీలైన మిర్రర్‌లెస్ (అద్దములేని) కెమేరా మేలా యని అంగడిలో సందేహించుచుండును గాని, ఆ రెండు గుణములకును మూలము జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణమున నూఱేండ్లకుఁ బూర్వమే యున్నది.

అచ్చటి లైట్స్ సంస్థలో పనిచేయుచుండిన ఆస్కార్ బార్నాక్, ఉబ్బసముచే గాజుపలకల బరువు కెమేరాను మోసికొని నడువఁజాలక, చలనచిత్రముల ఫిల్మును అడ్డముగా నడపి 24×36 మిల్లీమీటర్ల చిత్రము తీయు చిన్న పెట్టెను 1914 నాఁటికి సిద్ధపఱచెను. యుద్ధము వచ్చి ఆలస్యము కాగా, అది 1925లో లైప్‌జిగ్ వసంత ప్రదర్శనమున ‘లైకా’ పేర వెల్లడి యయ్యెను. కటకమును వెలికి లాగి, కొంచెము త్రిప్పి బిగించినఁ జాలును, చిత్రము తీయవచ్చును. పని ముగియఁగానే లోనికి నెట్టి కోటుజేబున వైచికొనవచ్చును. అందు అద్దము లేదు. 1930లో కటకములు మార్చు సౌకర్యమును చేరినది. నేఁడు విడివడిన రెండు మార్గములును ఆ యొక్క చేతిపెట్టెలో కలసియుండుట నాకు మిక్కిలి అపురూపముగాఁ దోఁచును.

పిమ్మట కటకపు దృశ్యమును అద్దముచేఁ గంటికిఁ జూపు కెమేరాలు, విశేషించి 1959 నాఁటి నికాన్ ఎఫ్, వృత్తిచిత్రకారుల నాకర్షించినవి. 2008లో పానసోనిక్ జీ1 ఆ యద్దమును విసర్జించెను. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100, 13.2×8.8 మిల్లీమీటర్ల సెన్సరును జేబులోనికిఁ దెచ్చెను. నేఁటి పెద్ద సెన్సర్లకు కొలతయైన బార్నాక్ 24×36 చట్రము వైశాల్యమున దానికి ఏడురెట్లకుఁ బైగా పెద్దది. మసకవెలుతురున ఈ యంతరము దాఁగదు. కావున దీపపు వెలుఁగున చిత్రములు తీయువారు పెద్ద సెన్సరుగల మిర్రర్‌లెస్‌నే కొనవలెను. బార్నాక్ వలె బరువు మోయక నడువఁగోరువారు కాంపాక్టునే యెంచుకొనవలెను.