షానన్ తరగతి ప్రాణరక్షక పడవ

బ్రిటన్, ఐర్లాండ్ తీరాలలో 1824 నుంచి సముద్ర ప్రమాద బాధితులను కాపాడుతున్న రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అనే స్వచ్ఛంద సేవాసంస్థ, 17 నాట్ల వేగం గల పాత మెర్సీ తరగతికి బదులుగా రూపొందించిన, ఎంతటి తుఫానులోనైనా పనిచేయగల పడవ ఇది. 13.6 మీటర్ల పొడవుతో 25 నాట్ల (గంటకు సుమారు 46 కిలోమీటర్ల) వేగాన్ని అందుకొనే ఈ పడవకు, తుఫానులోనూ పనిచేసే ఆ సంస్థ ఆధునిక పడవలలో మొదటిసారిగా, పంకాలకు బదులు జలధార యంత్రాలను, అంటే అడుగునుంచి నీటిని పీల్చి వెనుకకు బలంగా చిమ్ముతూ ఆ ధార దిశను మార్చడం ద్వారానే పడవను తిప్పే సాధనాలను అమర్చారు. బయటికి పొడుచుకొనివచ్చే పంకాలు లేనందువల్ల ఇది లోతులేని నీటిలోనూ తిరుగుతుంది, అవసరమైతే నేరుగా ఇసుక ఒడ్డుకు ఎక్కుతుంది. బోల్తాపడినా తనంతట తానే నిటారుగా లేవగలగడం సిబ్బంది ప్రాణాలకు గొప్ప రక్షణ. పీటర్ ఐర్ రూపకల్పనలో పాలుపంచుకొన్న ఈ తరగతి పడవ 2014లో ఇంగ్లాండులోని డంజెనెస్ కేంద్రంలో తొలిసారి సేవలో ప్రవేశించింది.