మన ఊరి పటం ఎవరి సొరుగులో ఉంది?

గూగుల్ ఎర్త్ 2005 జూన్ 28న విడుదలైంది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు హైదరాబాదులో ఏ సాఫ్ట్‌వేరు ఆఫీసులో చూసినా ఒకటే సీను. ముందు అందరూ అమెరికా వెళ్ళేవాళ్ళు (వీసా అక్కర్లేదు కదా!). న్యూయార్కు, గ్రాండ్ కేన్యన్, తర్వాత ఈజిప్టు పిరమిడ్లు, తాజ్‌మహలు. అవన్నీ అయ్యాక, పక్క సీటాయన చూడట్లేదని ఓసారి అటు చూసుకుని, మెల్లగా సొంత ఊరు. ఢిల్లీలో రాష్ట్రపతి భవనం గుమ్మటం దాకా కనిపించేది. మన పల్లె మీదికి దిగేసరికి మాత్రం నీళ్ళు ఒలికిన రంగుల బొమ్మలాగా ఓ ఆకుపచ్చ మరక, మధ్యలో ఓ నల్లటి మచ్చ. ఆ మచ్చ ఊరి చెరువు. నగరాలకి బాగా స్పష్టమైన చిత్రాలు కొని పెట్టారు, పల్లెలకి ల్యాండ్‌శాట్ చిత్రాలతో సరిపెట్టారు. వాటిలో ఒక్కో చుక్క నేలమీద 15 మీటర్లు. మీ ఇల్లు పెద్దదే కావచ్చు, దానికి ఒక చుక్క కూడా పూర్తిగా దక్కదన్నమాట.

అయినా ఆ మరకనే గంటలకొద్దీ చూసేవాళ్ళం. కాలవ గుర్తుపట్టి, దాని వెంబడి పోయి, మలుపు దగ్గర ఊరు దొరకబుచ్చుకుని సంబరపడేవాళ్ళం. చాలామంది దీన్ని ఓ సరదా ఆటగానే చూశారు. నా ఉద్దేశంలో అది ఆట కాదు. ఏ అధికారి సంతకమూ లేకుండా, ఏ ఆఫీసుకీ అర్జీ పెట్టుకోకుండా మనవాళ్ళు తమ ఊరిని పై నుంచి చూసుకోవడం చరిత్రలో అదే మొదటిసారి.

ఎందుకంత మాటంటున్నానో చెప్తాను. సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టింది. అంటే మన రాజ్యాంగం కంటే 180 ఏళ్ళకి పైగా పెద్దది. అది తయారుచేసే టోపోషీట్లలో ఊళ్ళు, చెరువులు, కొండల ఎత్తులు, బండి దారులు అన్నీ ఉంటాయి. 1967లో రక్షణ శాఖ పెట్టిన నిబంధన ప్రకారం దేశ సరిహద్దుల నుంచీ, సముద్రతీరం నుంచీ లోపలికి దాదాపు 80 కిలోమీటర్ల మేర ఉన్న ప్రాంతాల టోపోషీట్లు మామూలు జనానికి అమ్మేవాళ్ళు కాదు. ఓసారి మన తీరాన్ని తల్చుకోండి. శ్రీకాకుళం, విశాఖపట్నం, కాకినాడ, బందరు, ఒంగోలు, నెల్లూరు అన్నీ అందులోకే వచ్చేవి. కోనసీమలో కొబ్బరితోట ఉన్న రైతుకి ఆ తోట ఉన్న పటం రక్షణ రహస్యంగా ఉండేది!

ఇందులో ఇంకో వింత ఉంది. అమెరికా సైన్యం పటాల విభాగం 1950లలో భారతదేశం మొత్తానికీ అచ్చేసిన పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వెబ్‌సైటులో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మన ప్రభుత్వం మనకివ్వని పటాన్ని ఆస్టిన్‌లో ఓ లైబ్రరీ ఇచ్చింది.

ఈ దాపరికం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలంటే 1802 దాకా వెళ్ళాలి. ఆ ఏడాది ఏప్రిల్లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ కొండ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసు పరిచి కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ళ గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. గొలుసుని 400 సార్లు ఎత్తి పరిచారు. ఆ ఒక్క గీత ఆధారంగా, అక్కణ్ణుంచి కొండ మీద నుంచి కొండకి కోణాలు కొలుచుకుంటూ దేశం మొత్తాన్నీ త్రిభుజాలతో అల్లేశారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం మొత్తం తెలుస్తుంది. మనం తొమ్మిదో తరగతిలో తిట్టుకుంటూ చదివిన లెక్కే. కోణాలు కొలిచే థియోడలైట్ అర టన్ను బరువు. ఇంగ్లండు నుంచి ఓడలో వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. తర్వాత అది సైన్సు పరికరమని తెలిసి మర్యాదగా పంపించేశారు. లాంబ్టన్ చివరి రోజుల్లో హైదరాబాదు నుంచే పని నడిపించి, 1823లో నాగపూరుకి మకాం మారుస్తూ దారిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు.

ఇదంతా విజ్ఞానం కోసమే అంటే నేను నమ్మను. లాంబ్టన్‌కి భూమి ఆకారం మీద నిజంగానే పిచ్చి. కానీ జీతమిచ్చిన కంపెనీకి కావలసింది శిస్తు ఎంత వస్తుంది, ఫిరంగి బండి ఏ దారిన పోతుంది అన్న లెక్క. అదీ 1799లో టిప్పు సుల్తాన్ పడిపోయి, కొత్త నేల చేతికొచ్చిన మూడేళ్ళకి. పటం అప్పుడు ఆయుధం. ఆయుధాన్ని బజార్లో పెట్టి ఎవరూ అమ్మరు. తెల్లవాళ్ళు పోయారు గానీ సొరుగూ, తాళమూ అలాగే ఉండిపోయాయి.

సరిగ్గా అదే కాలంలో ఇంకో సర్వేయరు కొంచెం వేరుగా పనిచేశాడు. కాలిన్ మెకంజీ. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయింది ఈయనే. ఈయనకి కుడిభుజం ఏలూరుకి చెందిన కావలి బొర్రయ్య. కొలతలకి పోయిన చోటల్లా శాసనాలు చదివించడం, కరణాల చేత ఊరి కథ రాయించడం, పాత కాగితాలు సేకరించడం బొర్రయ్య చేసిన పని. 1803లో చిన్న వయసులోనే పోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఈ రోజు మనం కైఫియత్తులని పిలుచుకునేవి అలా వచ్చినవే. ఊరికి ఆ పేరెందుకొచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు అన్నీ ఉంటాయి. పటానికి గీతలు గొలుసుతో వస్తాయి, పేర్లు మాత్రం ఊళ్ళో మనిషి చెప్తేనే వస్తాయి.

ఊరి స్థాయిలోనూ తాళం కథే. సర్వే నంబర్ల పటం కరణంగారి దగ్గరుండేది. గట్టు తగాదా వస్తే ఆయన చెప్పిందే గీత. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య కరణాల వ్యవస్థని రద్దు చేశాక ఆ పటాలు మండలం ఆఫీసు బీరువాకి చేరాయి. రైతుకి వచ్చిన తేడా ఏమిటంటే, ఇంతకుముందు ఒక గుమ్మం ముందు నిలబడేవాడు, ఇప్పుడు ఇంకో గుమ్మం ముందు.

ఇక ఆకాశంలోంచి చూడటం కూడా గూఢచర్యంగానే మొదలైంది. అమెరికా సీఐఏ 1960 నుంచి 1972 దాకా కొరోనా అనే ఉపగ్రహాలతో (ఆ పేరుకీ మొన్నటి రోగానికీ సంబంధం లేదు) సోవియట్ భూభాగాన్ని ఫొటోలు తీసింది. అప్పటికి డిజిటల్ కెమెరాలు లేవు. ఫిల్ము రీలుని డబ్బాలో పెట్టి పారాచ్యూట్‌తో కిందికి వదిలితే, విమానం వచ్చి గాల్లోనే కొక్కెంతో తగిలించుకుని పోయేది. సినిమాలో చూపిస్తే అతి చేశారంటాం. ఆ చిత్రాలు 8 లక్షలకి పైగా ఉన్నాయి, 1995లో గానీ బయటపెట్టలేదు. ఆ ఉపగ్రహాల కెమెరాలకి పెట్టిన సంకేతనామం కీహోల్, అంటే తాళంచెవి కన్నం. 2001లో కాలిఫోర్నియాలో మొదలైన ఓ చిన్న కంపెనీ ఆ పేరే పెట్టుకుంది. దాంట్లో 2003లో సీఐఏ తరఫున పెట్టుబడులు పెట్టే ఇన్‌క్యూటెల్ డబ్బు పెట్టింది. అదే ఏడాది ఇరాక్ యుద్ధం వార్తల్లో టీవీ చానెళ్ళు బాగ్దాదు మీదికి రయ్యిన దూకుతూ చూపించిన బొమ్మలు ఈ కంపెనీవే. 2004 అక్టోబరులో గూగుల్ దాన్ని కొనేసి, మరుసటి ఏడాది గూగుల్ ఎర్త్ అని పేరు మార్చి ఉచితంగా వదిలింది.

మన వృత్తివాళ్ళ కోసం ఓ చిన్న లెక్క. భూమ్మీద నేల సుమారు 15 కోట్ల చదరపు కిలోమీటర్లు. చదరపు మీటరుకి ఒక్క చుక్క, చుక్కకి మూడు బైట్లు అనుకున్నా 450 టెరాబైట్లు. 2005లో ఆఫీసు కంప్యూటర్లో ఉన్న డిస్కు 40 గిగాబైట్లయితే అలాంటివి పదకొండు వేలకి పైగా కావాలి. కానీ మీ మానిటరు 1024 బై 768 చుక్కలదైతే, దానికి ఏ క్షణంలోనైనా కావలసింది ఎనిమిది లక్షల చుక్కల లోపే! అందుకని ఒకే బొమ్మని రకరకాల స్పష్టతల్లో మెట్లుమెట్లుగా తయారుచేసి, ఒక్కో మెట్టునీ చిన్న పలకలుగా కోసి సర్వర్లో పెడతారు. మీరు చూస్తున్న చోటుకి, మీరున్న ఎత్తుకి తగ్గ పలకలు మాత్రమే వస్తాయి. కిందికి దిగుతుంటే ముందు మసగ్గా వచ్చి తర్వాత తేటపడేది అందుకే. కీహోల్ మొదలుపెట్టినవాళ్ళలో కొందరు సిలికాన్ గ్రాఫిక్స్‌లో లక్షల డాలర్ల యంత్రాల మీద నేర్చుకున్న విద్య ఇది. వీడియో ఆటల కార్డులు చవకయ్యేసరికి అది మన బల్లమీదికొచ్చింది.

ఇక నన్ను ఎక్కువగా బాధించే భాగం ఇది. 1995 డిసెంబరులో మనం పంపిన ఐఆర్‌ఎస్-1సి ఉపగ్రహం 5.8 మీటర్ల స్పష్టతతో చిత్రాలు తీసేది. పౌర ఉపగ్రహాల్లో అప్పటికి ప్రపంచంలో అదే మేటి. 1999లో ఇకోనోస్ వచ్చేదాకా దాని చిత్రాలని అమెరికా కంపెనీలు కూడా అమ్ముకున్నాయి. ఆ చిత్రాలు దిగేది షాద్‌నగర్‌లో, శుద్ధి అయ్యేది బాలానగర్‌లో. బాలానగర్ నుంచి అమీర్‌పేట ఎంత దూరం? సిటీబస్సు దూరం. ఆ అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న కుర్రాడు తన ఊరి బొమ్మ చూడాలంటే మాత్రం కాలిఫోర్నియా దయతల్చాలి. 2005 మే నెలలోనే శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1 ఎగిరింది. ఆ నెలలోనే జాతీయ పటాల విధానం ప్రకటించి సైన్యానికి ఒక వరస, జనానికి ఒక వరస అని పటాలని విడదీశారు. నెల తిరిగేసరికి గూగుల్ వచ్చి ఆ విడదీయడానికి అర్థమే లేకుండా చేసింది. మన భువన్ 2009 ఆగస్టులో వచ్చింది, నాలుగేళ్ళు ఆలస్యంగా.

2005 అక్టోబరులో రాష్ట్రపతి కలాంగారు హైదరాబాదులో పోలీసు ఉన్నతాధికారుల ముందు గూగుల్ ఎర్త్ గురించి ఆందోళన వెలిబుచ్చారు. ఆయన క్షిపణుల మనిషి, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2008 ముంబై దాడుల తర్వాత దీన్ని నిషేధించమని బొంబాయి హైకోర్టులో వ్యాజ్యం కూడా వేశారు. ఆ దాడి చేసినవాళ్ళు జీపీఎస్ వాడారు, శాటిలైట్ ఫోను వాడారు, పడవ వాడారు. పడవల్ని నిషేధించమని ఎవరూ అనలేదు. దాచడం వల్ల ఆగేది చెడ్డవాడు కాదు, వాడికి వేరే దారులుంటాయి. ఆగిపోయేది రైతు, విద్యార్థి, వరదలో చిక్కుకున్న ఊరికి దారి వెతికే తహసిల్దారు.

చూడగలగడం అంటే ఏమిటో తెలియాలంటే సరూ బ్రయర్లీ కథ చాలు. 1986లో ఐదేళ్ళ పిల్లాడు బుర్హాన్‌పూర్ స్టేషన్లో ఖాళీ రైలెక్కి నిద్రపోయి కలకత్తాలో తేలాడు. ఊరి పేరు సరిగ్గా పలకడం రాదు. ఆస్ట్రేలియా దంపతులు పెంచుకున్నారు. పెద్దయ్యాక గూగుల్ ఎర్త్‌లో కలకత్తా నుంచి బయల్దేరే రైలు పట్టాల వెంట ఏళ్ళ తరబడి వెతికి, 2011లో స్టేషను పక్కన నీళ్ళ ట్యాంకునీ, వంతెననీ గుర్తుపట్టాడు. ఊరు ఖాండ్వా. 2012లో వెళ్ళి తల్లిని కలిశాడు. ఆ పిల్లాడి నోట్లోని పేరుతో ఏ పటంలో వెతికినా దొరికేది కాదు.

పేర్ల సంగతికొస్తే, బొర్రయ్య పనిని మళ్ళీ మొదలుపెట్టింది మనలాంటి వాళ్ళే. 2006లో వికీమాపియా రాగానే జనం డబ్బాలు గీయడం మొదలుపెట్టారు. ఏ ఊరు చూసినా రామాలయం, హైస్కూలు, 'మా ఇల్లు' :) 2008లో గూగుల్ మ్యాప్ మేకర్ వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరు మన లలితేష్ కట్రగడ్డ. మన దారులకి, సందులకి పేర్లు పెట్టింది చాలావరకు జీతం లేని జనమే. 2013లో గూగుల్ దీనికోసం మ్యాపథాన్ పోటీ పెడితే సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది, సీబీఐ విచారణ దాకా పోయింది. 2016లోనైతే అనుమతి లేకుండా పటాలు చేస్తే 100 కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ళ దాకా జైలు అంటూ ఓ ముసాయిదా బిల్లు తెచ్చారు. జనం గగ్గోలు పెట్టాక అది చట్టం కాకుండానే పోయింది. మ్యాప్ మేకర్‌ని గూగులే 2017లో మూసేసింది. జనం రాసిన పేర్లు కంపెనీ దగ్గర ఉండిపోయాయి. నన్నడిగితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాయడం మేలు, అక్కడ రాసింది అందరిదీ అవుతుంది.

తాళం చివరికి 2021 ఫిబ్రవరి 15న తీశారు. భారతీయ కంపెనీలు, పౌరులు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. లాంబ్టన్ గొలుసు పరిచిన 219 ఏళ్ళకి.

మరి ఇప్పుడు ఏం చూస్తున్నాం? గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు చూసే సౌకర్యం 2009లో వచ్చింది. హైదరాబాదు పడమటి వైపు వెళ్ళి ఆ గీతని వెనక్కి జరుపుతూ చూడండి. నల్లగా నిండుగా ఉన్న చెరువు ఏడాదికేడాది చిక్కిపోతుంది, అంచుల్లో మట్టి పడుతుంది, తర్వాత గళ్ళగళ్ళుగా లేఅవుటు గీతలు, తర్వాత కప్పులు. ఆక్రమణల కోసం 2024లో హైడ్రా ఏర్పడ్డాక ఇలాంటి పాత శాటిలైట్ చిత్రాలే చెరువు హద్దులకి సాక్ష్యాలయ్యాయి. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని నమ్మి అప్పుచేసి కొనుక్కున్నవాళ్ళూ ఆ గళ్ళల్లో ఉన్నారు.

కాబట్టి ప్లాటు కొనబోయేవాళ్ళు బ్రోకరు చూపించే రంగుల బ్రోచరుతో పాటు ఇదీ ఓసారి చూడండి. చూసేటప్పుడు ఏప్రిల్, మే నెలల చిత్రాలు చూడకండి, అప్పుడు చెరువు కూడా మైదానంలాగే కనిపిస్తుంది. వానలు బాగా పడ్డ ఏడాది ఏదో పెద్దవాళ్ళనడిగి, ఆ ఏడాది అక్టోబరు, నవంబరు చిత్రం తీయండి.